గీతల పుస్తకం

ఆ ఆసుపత్రి బళ్ళ స్టాండులో పందొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న పెద్దాయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. జీతం కాగితం మీద తప్ప అది ఇంకెక్కడా కనిపించదు. డాక్టర్లకీ నర్సులకీ గేటు దగ్గర కాపలావాడికీ, కోపం వచ్చినప్పుడు కట్టుకున్న భార్యకి కూడా, ఆయన గీతల బాబాయే.

దీనికంతటికీ కారణం ఆయన చంకలో ఎప్పుడూ ఉండే పొడుగాటి పుస్తకం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దమనిషి తన బండి మీదున్న పాత గీతని చూపించి, "ఇది నీ పనే" అంటూ నలుగురిలో చొక్కా పట్టుకున్నాడు. కాదని రుజువు చెయ్యడానికి బాబాయి దగ్గర నోరు తప్ప ఏమీ లేదు. నోటిమాట ఎవరికి కావాలి? మర్నాడే పుస్తకం కొన్నాడు. ఒకటి నిండితే ఇంకోటి. గంటా రెండు గంటల్లో వెళ్ళిపోయే బండికి బిళ్ళ ఇచ్చి ఊరుకుంటాడు గానీ, రాత్రికి ఉండిపోయే బండి అయితే దానికో పేజీ. ముందు బండి బొమ్మ గీసి, గీత ఉన్నచోట గీత, సొట్ట ఉన్నచోట సున్నా పెడతాడు. ఉన్నది ఉన్నట్టు దిగాల్సిందే. పెన్సిలు ఎంత గట్టిగా నొక్కుతాడంటే కింది పేజీ మీద కూడా అచ్చు పడుతుంది.

భార్య అదే ఆసుపత్రిలో పిల్లల వార్డు ఆయా. మధ్యాహ్నం ఇద్దరూ స్టాండు రేకుల కింద కూర్చుని అన్నం తింటారు. పిల్లలు వార్డు గోడల మీద పెన్నులతోనూ, బొగ్గుతోనూ, చివరికి మందు సీసా మూతలతోనూ గీస్తారనీ, వాటిని తుడవలేక తన భుజం పడిపోతోందనీ ఆవిడ సణుగుతుంది.

"నీదీ గీతల పనే, నాదీ గీతల పనే. నేను రాస్తాను, నువ్వు తుడుస్తావు. దొందూ దొందే" అంటాడు బాబాయి.

"నీకేమయ్యా, నీ బళ్ళు ఏడవవు" అంటుంది ఆవిడ.

వాళ్ళకి పిల్లలు లేరు. ఆ సంగతి ఎప్పుడో పాతబడిపోయింది. దాని గురించి ఇప్పుడు చుట్టాలు కూడా అడగడం మానేశారు.

బండిని నిలబెట్టడం బాబాయి దృష్టిలో చిన్న పని కాదు. కాలితో ఒక్క తన్ను తన్ని స్టాండు దించి, ఫోను చూసుకుంటూ వెళ్ళిపోయే కుర్రకారుని చూస్తే ఆయనకి ఒళ్ళు మండుతుంది. ముందు చక్రం ఎత్తు వైపు ఉండాలి. హ్యాండిలు ఎడమకి తిప్పాలి. పక్క స్టాండు మీద పెడితే బండిని మొదటి గేరులో వదలాలి, లేకపోతే ముందుకి జారి స్టాండు ముడుచుకుపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, నేల మెత్తగా ఉంటే స్టాండు కింద చెక్క పెట్టాలి. అరచేతి వెడల్పు చెక్కలు ఓ ఇరవై కోయించి, ఒక్కోదానికి చిల్లు పెట్టి తాడు కట్టాడు. తాడు పట్టుకుని లాగితే నడుం వంచకుండానే చెక్క పైకొచ్చేస్తుంది. ఆ చెక్కల గుత్తి స్టాండు చివర సిమెంటు గోడకి దిగేసిన పెద్ద మేకుకి వేలాడుతూ ఉంటుంది.

ఇన్ని తెలిసిన మనిషే ఆ పొరపాటు చేశాడు. తెలియనివాడు చేస్తే ఇంత బాధ ఉండేది కాదు.

వానలు మొదలైన రోజులు. ఒకరోజు పొద్దున్న ముదురు నీలం బండి ఒకటి గేటులోకి దూసుకొచ్చింది. ఒంటినిండా బురద. నడిపేవాడికి ముప్పై అయిదేళ్ళుంటాయేమో, చొక్కా జేబులో టెస్టరు, హ్యాండిలుకి పనిముట్ల సంచీ. కరెంటు పనివాడని చూడగానే తెలుస్తోంది. వెనక అతని భార్య, ఇద్దరి మధ్యా దుప్పటిలో చుట్టిన ఐదేళ్ళ పాప. అతను ఇంజను కూడా ఆపకుండా దిగి, పాపని లాక్కుని లోపలికి పరిగెత్తాడు. తల్లి చెప్పులు వదిలేసి వెనకాలే పరిగెత్తింది. బాబాయి ఒక్క అంగలో వెళ్ళి హ్యాండిలు పట్టుకోకపోతే బండి అక్కడే నేలకరిచేది.

దాన్ని తోసుకెళ్ళి వరస చివర, గోడ పక్కన పెట్టాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాడు. పుస్తకం తీశాడు గానీ రాయబుద్ధి కాలేదు. బండి నిండా బురద, కడిగితే గానీ ఏమీ కనబడదు. బిడ్డని అలా ఎత్తుకొచ్చినవాడు రేపొచ్చి గీతల గురించి తగాదా పడతాడా? అనుకుని పుస్తకం మూసేశాడు. పందొమ్మిదేళ్ళలో అలా వదిలేసిన బండి అదొక్కటే.

నేల కూడా చూశాడు. అప్పటికి గట్టిగానే ఉంది. తడిస్తే చెక్క పెడదాంలే అనుకున్నాడు.

మధ్యాహ్నం భార్య చెప్పింది, పాపకి జ్వరం తలకెక్కిందని. "ఒంటి మీద తెలివి లేదయ్యా. ఆ తల్లిని చూడలేకపోతున్నాం." మూడో రోజుకి పాప కళ్ళు తెరిచిందనీ, రెండు మాటలు మాట్లాడిందనీ చెప్పింది. ఆ సాయంత్రమే తండ్రి స్టాండుకి వచ్చాడు. తాళంచెవి అడగలేదు. బండి పక్కన వంగి, ట్యాంకు మీద ఎడమ పక్క బురదని అరచేత్తో తుడిచి, కాసేపు చూసి, మళ్ళీ గబగబా లోపలికి వెళ్ళిపోయాడు. బండంటే ఎంత ప్రేమో అనుకున్నాడు దూరం నుంచి చూస్తున్న బాబాయి.

తర్వాత రెండు రోజులు ఆగకుండా వాన. బాబాయి అన్ని బళ్ళకీ చెక్కలు పెట్టుకుంటూ వచ్చాడు. వరస చివరికి వచ్చేసరికి ఎవరో అంబులెన్సుకి దారి ఇమ్మని కేకేశారు. అటు పరిగెత్తాడు. నీలం బండికి చెక్క పెట్టలేదన్న సంగతి అటూ ఇటూ తిరుగుతూ రెండుసార్లు గుర్తొచ్చింది. రెండుసార్లూ "ఆఁ, పెడదాం" అనుకున్నాడు. ఆలస్యం అమృతం విషం అని ఊరికే అన్నారా?

ఆరో రోజు పదకొండు గంటలప్పుడు గోడ పక్కనుంచి బరబరమని చప్పుడైంది. స్టాండు జానెడు లోతుకి దిగిపోయింది. బండి ఎడమకి ఒరిగి, ట్యాంకుతో గోడని గీరుకుంటూ పడిపోయింది. పడింది కూడా ఎక్కడ? చెక్కల గుత్తి వేలాడే మేకు మీదే. దాని కింద ఉండాల్సిన చెక్క దాని ముఖానికి జానెడు దూరంలో ఊగుతోంది.

బాబాయి పరిగెత్తాడు. ముందు పెట్రోలు కట్టేశాడు. సీటుకి వీపు ఆనించి, ఒక చేత్తో హ్యాండిలూ ఇంకో చేత్తో వెనక కడ్డీ పట్టుకుని, మోకాళ్ళ మీద బలం వేసి వెనక్కి అడుగులేస్తూ లేపాడు. రేకుల కిందికి తీసుకెళ్ళి కడిగాడు. బురద పోయాక అన్నీ ఒకేసారి బయటపడ్డాయి. గోడ గీరిన సన్నగీతలు ట్యాంకు ఎడమ పక్కంతా ఉన్నాయి. వాటి మధ్య లోతుగా దిగిన మేకు గీతలు. గుండ్రంగా ఒకటి, దాని కింద నిలువుగా ఒకటి, అడ్డంగా రెండు మూడు, చివర పొట్టిగా ఇంకొకటి.

మేకు ఇంత గుండ్రంగా గీస్తుందా అని ఒక్క క్షణం అనిపించింది. పడేటప్పుడు హ్యాండిలు తిరిగి ఉంటుందిలే అనుకున్నాడు. అలవాటు కొద్దీ పుస్తకం తెరిచి, రోజువారీ పేజీల్లో కలవకుండా బాగా వెనక ఖాళీ పేజీలో, ఉన్నవన్నీ ఉన్నట్టే దింపాడు. ఏ పని మొదలెట్టినా ముందు బొమ్మ వేసుకోవడం ఆయన పద్ధతి.

లోపలికి వెళ్ళి తండ్రికి చెప్పొచ్చు. చెప్పడానికే మెట్ల దాకా వెళ్ళాడు కూడా. అక్కడ భార్య ఎదురొచ్చి, "మళ్ళీ తెలివి తప్పిందయ్యా, ఇప్పుడే అద్దాల గదిలోకి మార్చారు" అంది. ఆ మనిషికి వెళ్ళి మీ బండి పడిందని ఎలా చెప్తాడు? వెనక్కి వచ్చేశాడు. పాపని ఎత్తుకుని బయటికొచ్చేటప్పటికి బండి కొత్తదానిలా ఉండాలి, అంతే. అందులో జాలి ఎంతో, ఎప్పుడో చొక్కా పట్టించుకున్న భయం ఎంతో ఆయనకే తెలియదు.

మూడు రోజులు పట్టింది. గోరు పెట్టి ఒక్కో గీతనీ చూశాడు. గోరు తట్టకపోతే అది పైపై గీత, మెత్తటి గుడ్డకి పాలిష్ ముద్ద రాసి గుండ్రంగా రుద్దితే పోతుంది. గోడ గీతలన్నీ అలా పోయాయి. గోరు తట్టిందంటే రంగు తెగినట్టు. మేకు గీతలన్నీ గోరుకి తట్టాయి. సబ్బునీళ్ళలో నానబెట్టిన సన్నటి వాటర్ పేపరుతో వాటి అంచులు కలిసిపోయేదాకా, అడుగు రేకు తళుక్కుమనేదాకా రుద్దాడు. పక్క వీధిలో బళ్ళకి రంగులేసే పాత స్నేహితుడి దగ్గరికి వెళ్ళి, ఎండలో పెట్టి చూసుకుంటూ సరిగ్గా ఆ నీలమే కలిపించుకొచ్చాడు. అగ్గిపుల్ల చివరతో పల్చగా ఒక పూత, అది ఆరాక ఇంకో పూత, దాని మీద మెరుపు వార్నిష్. ఆఖరున మళ్ళీ పాలిష్. తొమ్మిదో రోజు సాయంత్రం ఎండ పడితే ట్యాంకులో తన ముఖం చూసుకోవచ్చు. రంగులేసే స్నేహితుడు వచ్చి వేలితో తడిమి, "ఎక్కడరా గీత?" అన్నాడు. బాబాయి ఛాతీ ఇంత పొంగింది.

ఆ పొంగులోనే ఇంకో పని చేశాడు. పుస్తకంలో బండి వచ్చిన రోజు తేదీ వెతికి, పేజీ అడుగున ఖాళీలో రాశాడు: "ముదురు నీలం బండి. గీతలు లేవు." ఆ పుస్తకంలో ఆయన రాసిన మొదటి అబద్ధం అది.

పదో రోజు పొద్దున్న భార్య బకెట్టు పట్టుకుని వచ్చి స్టాండు మెట్టు మీద కూలబడింది. ఏమైందని బాబాయి అడగలేదు. ఆవిడ కొంగుతో ముఖం కప్పుకుంది, అదే చాలు. పాపని తెల్లగుడ్డలో చుట్టి పెద్ద బండిలో తీసుకెళ్ళారు. నీలం బండి స్టాండులోనే ఉండిపోయింది. ఈసారి దాని కింద చెక్క ఉంది.

నాలుగు రోజుల తర్వాత అతను ఒక్కడే వచ్చాడు. గడ్డం మాసిపోయింది. అదే చొక్కా, జేబులో అదే టెస్టరు. బాబాయి తాళంచెవి అందించాడు. అతను బండి దగ్గరికి వెళ్ళి ఎడమ పక్క వంగాడు. ట్యాంకు మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వెతుకుతూ వెతుకుతూ ఆగిపోయింది.

"బాబాయ్, ఇక్కడ గీతలుండాలి."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు బాబాయి నోటికి అలవాటైన మాటే వచ్చేసింది. "గీతలేంటి బాబూ? మీరెలా పెట్టారో అలాగే ఉంది. బురదుంటే కడిగానంతే. కావాలంటే పుస్తకం చూసుకోండి."

అతను చూశాడు. ఒకటికి రెండుసార్లు చదివాడు. "లేవా?"

"రాసి ఉందిగా బాబూ."

"మా పాప గీసింది బాబాయ్. నా స్క్రూడ్రైవర్ తీసుకుని. పోయిన నెల. నేను అన్నం తింటుంటే బయట్నించి పిలిచింది, నాన్నా, నిన్ను గీశాను చూడు అని. వెళ్ళి చూశాను. బండి కొని ఆర్నెల్లు కాలేదు. కొట్టాను. చెంప మీద నా వేళ్ళు తేలాయి." అతను ఆ చేతినే చూసుకుంటున్నాడు. "అంతకుముందెప్పుడూ కొట్టలేదు. ఆసుపత్రిలో మూడో రోజు కళ్ళు తెరిచి అదే అడిగింది. నాన్నా, బొమ్మ తుడిపేశావా అని. లేదమ్మా, చూసొస్తానుండు అని కిందికొచ్చి చూసి, మళ్ళీ వెళ్ళి చెప్పాను. అలాగే ఉందమ్మా, నువ్వు లేచాక ఇద్దరం చూద్దాం అని. నవ్వింది."

బాబాయి పుస్తకం మూసి చంకలోకి లాక్కున్నాడు.

"చూసినట్టే గుర్తు. మరి పుస్తకంలో లేవని ఉంది. మూడు రోజుల నించీ నిద్ర లేదప్పటికి. చూశాననుకున్నానేమో. లేనిదాన్ని ఉందని చెప్పానేమో పిల్లకి." అతను తనలో తనే అనుకుంటున్నట్టు గొణుగుతూ బండి తోసుకుంటూ బయల్దేరాడు. ఐదడుగులు వేసి ఆగాడు. "బాబాయ్, మీరు సరిగ్గా చూశారా? వేరే బండి చూసి పొరబడ్డానికి నాకున్నది ఈ ఒక్క బండే."

గీతలు పోగొట్టడం ఒక ఎత్తు, వాటిని చూసిన కళ్ళని కూడా అబద్ధం చేస్తున్నాడు తను. ఆ మనిషి కూతురితో చెప్పిన ఆఖరి నిజం అది. దాన్ని తన పుస్తకం మింగేస్తోంది.

"ఆగండి బాబూ. ఉన్నాయి. మీరు చూసింది నిజం."

ఎలా చెప్పాడో ఆయనకే తెలియదు. చెక్క పెట్టలేదన్నాడు, బండి పడిందన్నాడు, మేకు గీతలనుకున్నానన్నాడు. పుస్తకంలోది దొంగరాత అన్నాడు. చెప్తూ చెప్తూ పేజీలు తిప్పి ఆరో రోజు బొమ్మ తెరిచి అతని ముందు పెట్టాడు. తన మీద అంతకన్నా రుజువు ఇంకేం కావాలి? చొక్కా పట్టుకుంటే పట్టుకోనీ అని నిలబడ్డాడు. పట్టుకుంటే బాగుండునని కూడా అనిపించింది.

అతను చొక్కా పట్టుకోలేదు. ట్యాంకు వైపు చూసి మెల్లగా అడిగాడు. "ఈ రంగు గీకేస్తే కింద ఉంటాయా?"

"ఉండవు బాబూ" అన్నాడు బాబాయి. "అడుగు రేకు దాకా రుద్దేశాను." పనిలో ఎక్కడో ఒకచోట బద్ధకించి ఉంటే ఓ గీతైనా మిగిలేది. తన చేతిపని బాగుండకపోతే బాగుండేదని ఆయన పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అనుకున్నాడు. ఇంట్లో ఒక్క పసిపిల్ల తిరిగి, ఒక్క గోడైనా ఖరాబు చేసి ఉంటే, ఆ గుండ్రటి గీత ఏమిటో తనకి తెలిసేది. మనిషి తలకాయని మేకు గీత అనుకునేవాడా తను?

అతను అక్కడే నేల మీద కూర్చుని పేజీ ఒళ్ళో పెట్టుకున్నాడు. గోడ గీతల మధ్యనుంచి వేలితో ఏరుకుంటూ పోయాడు. "ఇది తల. నాదే. ఇవి చేతులు. ఇది హ్యాండిలు." వేలు చివరనున్న పొట్టి గీత దగ్గర ఆగింది. "ఇదేంటో చెప్పలేదు బాబాయ్. చెప్పేలోపే కొట్టేశాగా." తల ఎత్తాడు. "నా వెనకుంది చూడండి. ఇది తనేనేమో. వెనక కూర్చున్నట్టు వేసుకుందేమో."

ఆ పొట్టి గీత పాప గీసిందో, గోడ మేకు గీసిందో బాబాయికి తెలియదు. ఇక ఎవరూ చెప్పలేరు కూడా.

"తనే బాబూ" అన్నాడు.

పందొమ్మిదేళ్ళలో ఏ పుస్తకంలోంచీ ఒక్క కాగితం చింపని మనిషి ఆ పేజీని అంచు చెదరకుండా చింపి ఇచ్చాడు. అతను మడత పెట్టలేదు. పనిముట్ల సంచీలో పెడితే నలుగుతుందని, చొక్కా లోపల గుండెకి ఆనించి పెట్టుకుని పైన బొత్తాలు పెట్టుకున్నాడు. బండి ఎక్కకుండా తోసుకుంటూనే వెళ్ళిపోయాడు. గేటు దాటి మలుపు తిరిగేదాకా బాబాయి అక్కడే నిలబడ్డాడు. నీలం బండి కిందనుంచి లాగిన చెక్క ఇంకా ఆయన చేతిలో తాడుకి వేలాడుతోంది.

సాయంత్రం పని దిగి వచ్చిన భార్యకి అంతా చెప్పాడు. ఆవిడ పుస్తకం తెమ్మంది. చింపిన పేజీ కింది కాగితం మీద పెన్సిలు అచ్చు పడి ఉంది. వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే తల, చేతులు, హ్యాండిలు అన్నీ కనిపించాయి. ఆవిడ వాటి మీద వేలు పోనిచ్చింది. ఇరవయ్యేళ్ళుగా తడిగుడ్డ పట్టీ పట్టీ చర్మం చిట్లిపోయిన వేలు అది.

"నాన్నకి ఎప్పుడూ తల పెద్దదిగానే వేస్తారు" అంది.

బాబాయి చివరి పొట్టి గీతని చూపించాడు. "ఇది చెప్పవే. నీకు తెలుస్తుంది. ఇది పిల్ల వేసిన గీతా, మేకు గీతా?"

ఆవిడ పుస్తకాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూసింది.

"ఏమోనయ్యా. నేనెప్పుడు ఆగి చూశాను వాటిని? పొద్దున్నే వెళ్ళి తుడిచేయడమేగా" అంది, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని.

కొన్నాళ్ళకి వరసలో ఆ అచ్చు పడిన కాగితం వచ్చినప్పుడు బాబాయి దాన్ని వదిలేసి, తర్వాతి పేజీలో రాశాడు.